విద్యాశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. గ్రేడింగ్ మార్పు గురించి మీ కార్యాలయానికి మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

ఇకపై రాయని పేపరుకూ 50 మార్కులు వేయమంటున్నారు. సున్నా పిల్లల్ని కుంగదీస్తుందన్నది నిజమే. నాలుగు పరీక్షల్లో 90 చొప్పున తెచ్చుకున్నా, ఐదోదాంట్లో సున్నా వస్తే సగటు 72కి పడిపోతుంది. కానీ ఊరికే ఇచ్చే 50తో చదువు రాదు కదా. నిరుడు ఇలాగే గట్టెక్కించిన ఒకమ్మాయి, మొన్న భిన్నాల లెక్క దగ్గర పెన్సిల్ ఆపేసి, "పాసయ్యాను కదా టీచర్, మరి ఇది నాకెందుకు రావట్లేదు?" అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

దయచేసి ఆ ఉత్తర్వును నిలిపివేయండి. సున్నా వచ్చిన ప్రతి విద్యార్థికీ ప్రత్యేక తరగతులు పెట్టి, మళ్లీ పరీక్ష రాయనివ్వండి. విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక హైస్కూలు లెక్కల టీచర్