గుల్మార్గ్‌లో గండోలా తెరిచేలోపు మంచు సంగతి కూడా చెప్పించండి సార్

జమ్మూ కశ్మీర్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. అడిగేదేంటో ముందే చెప్పేస్తా. స్కీయింగ్ సీజన్ ఉన్నన్ని రోజులూ, పొద్దున గండోలా (కేబుల్ కార్) మొదలవకముందే, అది ఎక్కించే ఒక్క అఫర్వాత్ కొండ కోసమే ఒక అవలాంచ్ (కొండ మీది మంచు విరిగి జారిపడటం) బులెటిన్ ఇప్పించండి. జిల్లా మొత్తానికి కలిపి ఒకటి కాదు.

ఇప్పుడు మాకు అందేది డీజీఆర్‌ఈ (అవలాంచ్ ప్రమాదాన్ని అంచనా వేసే రక్షణ పరిశోధన సంస్థ) అంచనా, విపత్తు నిర్వహణ వాళ్ళు దాన్ని జనంలోకి వదులుతారు, రాబోయే 24 గంటల్లో బారాముల్లా జిల్లాలో ఇన్ని మీటర్ల పైన మీడియం డేంజర్ అని. రోడ్లకీ ఊళ్ళకీ ఆర్మీ పోస్టులకీ అది పనికొస్తుంది, కాదనను. కానీ గండోలా రెండో ఫేజ్ మనిషిని దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో దించేస్తుంది, అక్కడ స్కీలు భుజానేసుకుని కాస్త పక్కకి నడిస్తే చాలు, స్కీ పెట్రోల్ (భద్రతా సిబ్బంది) వాళ్ళు చూసుకునే బౌల్, అంటే గిన్నెలాంటి వాలు, దాటిపోతాం. అక్కడ నిలబడ్డోడికి "బారాముల్లా, మీడియం" అంటే ఏం తెలుస్తుంది చెప్పండి? ఏ వైపు వాలు మంచిది కాదు, రాత్రి గాలి ఎటు కొట్టింది, అడుగు పొర ఎలా ఉంది, ఇవి కదా కావాల్సింది.

అడుగు పొర అని ఎందుకంటున్నానంటే, సీజన్ మొదట్లో మంచు పల్చగా పడి ఆగిపోయి, చిల్లై కలాన్ (కశ్మీర్‌లో నలభై రోజుల గట్టి చలికాలం) చలిలో మబ్బు లేని రాత్రులు వరసగా వచ్చాయంటే నేల దగ్గరి మంచుకి అతుక్కునే గుణం పోతుంది, పంచదారలా పొడిపొడిగా అయిపోతుంది. గొయ్యి తవ్వితే తెలిసిపోతుందండి, పైన గట్టి పొరలో వేలు కూడా దిగదు, అడుగున పిడికిలి మొత్తం లోపలికెళ్ళిపోతుంది, గుప్పెడు తీస్తే గ్లవ్ మీంచి జారిపోతుంది. దాని మీద ఒక్కసారిగా మూడు నాలుగడుగులు పడి, గాలి ఇంకాస్త మోసుకొచ్చి అదే వైపు పోసిందనుకోండి, 35, 40 డిగ్రీల వాలు మీద ఒక్క మనిషి బరువుకే పలక మొత్తం విరిగి కదిలిపోవచ్చు. పైనుంచి చూస్తే మాత్రం ఏమీ కనపడదు, ఎండలో మెరిసిపోతూ ఉంటుంది అంతే.

2024 చూశాం కదా. జనవరిలో గుల్మార్గ్‌లో గడ్డి కనపడింది, పేపర్లన్నీ ఫోటోలేశాయి, తర్వాత మంచు కుమ్మేసింది. ఫిబ్రవరి 22న, అక్కడే ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ నడుస్తుండగా, ఖిలన్‌మార్గ్ వైపు అవలాంచ్‌లో ఒక రష్యన్ స్కీయర్ పోయారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాత్ మీద ఇద్దరు పోలండ్ వాళ్ళు. రెండుసార్లూ రెస్క్యూ వాళ్ళు మిగతావాళ్ళని బయటపడేశారు, వాళ్ళకి దండం పెట్టాలి. కాకపోతే మంచులో కూరుకుపోయినోడికి ఉండే టైమ్ ఎంత? మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ముగ్గురిలో ఒకరు. తీయాల్సింది పక్కనున్నవాళ్ళే. అందుకే పైస్టేషన్ దగ్గర ఒక గేటు, బీకన్ (మంచులో కూరుకుపోయినోణ్ణి వెతకడానికి సిగ్నల్ ఇచ్చే పరికరం) ఆన్‌లో ఉందో లేదో చెప్పే చెకర్ ఒకటి పెట్టించండి, బీకన్, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార లేకపోతే గేటు దాటనివ్వొద్దు.

ఆ బౌల్ దాటి స్కీయింగ్ చేయడాన్ని బ్యాన్ చేయమనట్లేదు సార్, దయచేసి అటు వెళ్ళొద్దు. బ్యాన్ చేస్తే గైడ్ల పొట్ట కొట్టినట్టు, జనం ఇంకో దారి వెతుక్కుంటారు.

ఇంకో మాట, మీడియం అన్న పదం చూసి చాలామంది పర్లేదనుకుంటారు. యూరప్‌లో ఐదు లెవెల్స్ ఉంటాయి, స్కీయర్లు ఎక్కువగా పోయేది మూడో లెవెల్ ఉన్న రోజుల్లోనే, నాలుగూ ఐదూ అంటే ఎలాగూ ఎక్కువమంది అటు పోరు. కాబట్టి ఒట్టి లెవెల్ చెప్తే చాలదు, ఏ ఎత్తులో, ఏ దిక్కు వాలు మీద, ఎందుకు అన్నది రాయాలి, అది టికెట్ లైన్ దగ్గర బోర్డు మీదా ఫోన్లోనూ ఉండాలి.

దీనికి పెద్ద ఆఫీసేం అక్కర్లేదు. ట్రైనింగ్ ఉన్న ఇద్దరు ముగ్గురు, పైన ఒక వెదర్ స్టేషన్, రోజూ ఒక గొయ్యి, ఆ కొండ మీదే పెరిగిన గైడ్లు చెప్పే మాట. కేబుల్ కార్ కార్పొరేషన్ మీ చేతిలోనే ఉంది, టికెట్ డబ్బుల్లోంచి కొంచెం తీసినా సరిపోతుందనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆ ట్రైనింగ్ ఉన్నవాళ్ళని ఫిబ్రవరిలో తీసుకుంటే లాభం లేదు. మొదటి మంచు పడ్డ రోజు నుంచీ పొరల సంగతి రాసుకుంటూ రావాలి, అంటే ఆర్డరు నవంబరుకే రావాలి.

ఇట్లు,
ప్రతి చలికాలం అక్కడికొచ్చే ఒక తెలుగు స్కీయర్