‘వయసు కదా’ అంటే సరిపోదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషిని. డెబ్బై దాటాయి. పెద్దవాళ్ల మతిమరుపు మీద ఏ పత్రిక చూసినా ఒకటే సలహా: పజిళ్లు చెయ్యండి, గళ్లనుడికట్టు నింపండి. నింపుతూనే ఉన్నాం. కానీ వయసుతో తగ్గేదేమిటి, తగ్గనిదేమిటి అన్నది విడమరిచి చెప్పేవాళ్లే తక్కువ.

నా సంగతే తీసుకోండి. ఇప్పటికీ పేజీ చేతికిస్తే, ఒత్తు ఎగిరిపోయిన చోట, ‘ళ’ బదులు ‘ల’ పడిన చోట కన్ను దానంతటదే ఆగుతుంది. అదే పక్కగదిలో టీవీ మోగుతుంటే మాత్రం వాక్యం సగంలో జారిపోయి, మళ్లీ మొదటికి రావాల్సిందే. ఒకప్పుడు మిషన్ల రొదలో గ్యాలీ ప్రూఫులు దిద్దినదాన్ని! ఆ రొద అప్పట్లో నా చెవికి ఆనేదే కాదు. అక్కర్లేనిదాన్ని పక్కకు నెట్టే శక్తి వయసుతో సడలుతుందని లిన్ హాషర్, రోజ్ జాక్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1988లోనే ప్రతిపాదించారు.

ఇంట్లో వచ్చే తగువులు చాలావరకు ఇక్కడివే. నేను ఫోన్లో మాట్లాడుతుండగా కోడలు ఏదో చెబుతుంది, నేను ‘ఊఁ’ అంటాను. సాయంత్రం ‘పొద్దున్నే చెప్పాను కదత్తయ్యా, అప్పుడే మర్చిపోయారా’ అంటుంది. మర్చిపోవడానికి అసలు బుర్రకెక్కితే కదా!

పేర్ల గొడవ వేరు. నాతో పనిచేసిన ఒకావిడ ముఖం, ఆవిడ కూర్చునే చోటు, చివరికి చేతిరాత కూడా కళ్లముందుంటాయి. పేరు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. వయసుతో ఇది పెరగడం మామూలే, అందులోనూ మనుషుల పేర్లతో మరీ ఎక్కువ. పక్కనున్నవాళ్లు జాలిపడి చటుక్కున అందించేస్తారు. అలా కాకుండా కాసేపు ఊరుకోండి, లేదా మొదటి అక్షరం చెప్పండి. చాలాసార్లు మిగతాది మాకే వచ్చేస్తుంది.

జాషువా హార్ట్‌షోర్న్, లారా జెర్మిన్ వేలమందిని పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చకచకా పని చక్కబెట్టే వేగం ఇరవైలు రాకముందో, వచ్చిన కొత్తలోనో శిఖరానికి చేరి తర్వాత తగ్గుతూ వస్తుంది. పదసంపద మాత్రం అరవైల్లో కూడా పెరుగుతుంది. మా ఇంట్లో పిల్లలు తమ దరఖాస్తులు ఇప్పటికీ నాచేతే చదివిస్తారంటే ఊరికే కాదు మరి.

ఇంతవరకూ చెప్పినవి భయపడాల్సినవి కావు. నా కోపమల్లా మిగతా వాటిని కూడా ఇదే గాటన కట్టేయడం మీద. నాకు తెలిసిన ఒకామె నలుగురిలో మాటలు అందుకోలేకపోతున్నానని డాక్టరు దగ్గరికి వెళితే, ‘వయసు కదమ్మా’ అని పంపేశారు. తర్వాత వేరేచోట చూపిస్తే వినికిడి లోపమని తేలింది. సగం సగం వినపడే మాటను అతుక్కోవడానికే దృష్టంతా ఖర్చయిపోతే, ఇక గుర్తుపెట్టుకునేదేముంటుంది? డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు, ముప్పును పెంచే, మన చేతిలో ఉన్న 14 కారణాలను ‘లాన్సెట్’ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో పేర్కొంది. వాటిలో వినికిడి లోపం కూడా ఉంది. బీ12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, డిప్రెషన్ ఉన్నా, నిద్ర చాలకపోయినా మతిమరుపు రావచ్చు. కొన్ని రకాల నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు కూడా అంతే. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, కనీసం మాత్ర మార్చే వీలైనా ఉంటుంది.

అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, రోజూ నడిచే దారి తప్పడం, ఏళ్ల తరబడి తానే చూసుకున్న లెక్కల్లో తికమకపడడం కనిపిస్తే, ఇంట్లోవాళ్లు ‘పెద్దతనం’ అని ఊరుకోకుండా వెంటనే చూపించాలి.

కాబట్టి మీ ఆరోగ్యం పేజీలో ఈసారి వినికిడి పరీక్ష గురించి, వాడే మాత్రలన్నీ ఒకసారి డాక్టరుకు చూపించుకోవడం గురించి రాయించండి. పనిలో పనిగా గళ్లనుడికట్టు ఆధారాల టైపు ఒక సైజు పెంచండి. జవాబులు తెలిసే ఉంటున్నాయి, ప్రశ్నలే కనపడి చావడం లేదు.

— ఒక రిటైర్డ్ ప్రూఫ్ రీడర్