కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని నిబంధన ఉంది కాబట్టి చదువుతున్నాను. ఈ ఈత, పడవల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మిద్దెలెక్కి పడవ కోసం చూసినవాళ్లమే ఇక్కడ సగం మంది. వేసవి ఈత తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. ఒడ్డు శుభ్రం చేసే పని రెండు ఆదివారాలు సాగింది. మూడో ఆదివారం నేనూ నా చీపురూ తప్ప ఎవరూ రాలేదు.

ఈ ఏడు చెప్పుకోవాల్సింది మనం కట్టిన కయాక్ గురించి, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ. పదహారు అడుగులది. నాలుగు మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పలకల్ని రాగి తీగతో కుట్టి, సందుల్లో సన్నటి చెక్కపొడి కలిపిన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్) నింపాం. అంతవరకు మేస్త్రీ అన్న చేతి చలవ. గొడవంతా పైన వేసే ఫైబర్ గ్లాస్ గుడ్డ దగ్గర వచ్చింది.

బస్సు బాడీలు, నీళ్ల ట్యాంకులు చేసేచోట వాడేది మ్యాట్. చౌక. కార్యవర్గంలో ముగ్గురు అదే కొందామని పట్టుబట్టారు. మ్యాట్ అంటే తెగిన గాజు పోగుల్ని జిగురుతో చాపలా అణిచింది. మామూలుగా దొరికే మ్యాట్‌లో ఆ జిగురు పాలిస్టర్ అనే వేరే రకం రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ బిరుసుగానే ఉండిపోయి వంపు మీద కూర్చోదు. పైగా రెజిన్ తెగ తాగుతుంది. చెబితే వినకుండా ఒక ముక్క తెచ్చి అంటించారు. అట్టలా లేచి నిలబడిన ఆ ముక్క ఇంకా షెడ్డులోనే ఉంది, వెళ్లి చూడొచ్చు.

చివరికి నేసిన గుడ్డే తెప్పించాం. పడవ అడుగుభాగానికి చదరపు మీటరుకు 200 గ్రాములది, పైభాగానికి సుమారు 135 గ్రాములది. ఇంకా మందంగా వేద్దామన్నవాళ్లకు నా జవాబు ఒకటే: మందం పెరిగితే రెజిన్ పెరుగుతుంది, రెజిన్ పెరిగితే ఒడ్డుదాకా మోసే భుజం మనదే. మన ఏట్లో బండలెక్కువ కాబట్టి అడుగు మధ్యలో మాత్రం రెండో పొర వేశాం. ఈ సలహా పుట్టి నడిపే పెద్దాయనది. వెదురు అల్లిక మీద గుడ్డ కప్పి తారు పూసే వాళ్లకు ఏది ముందు అరుగుతుందో మనకన్నా తెలుసు. పార్సిల్‌లో గుడ్డ మడతపెట్టి వచ్చింది, ఆ మడత గీతలు సర్దలేక చచ్చాం. మళ్లీ కొంటే పైపుకు చుట్టి పంపమనాలి.

ఒక తప్పు నాది. హ్యాచ్ మూతలకు, అంటే పడవలో సామాను అరల మూతలకు, గుడ్డ అంటించే పని పొద్దున పెట్టాను. ఎండెక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బయటికి తన్నింది, గుడ్డ కింద ఆవగింజల్లా బుడగలు. మగ్గు నిండా కలిపిన రెజిన్ దానంతటదే కాగి పొగలు కక్కి గడ్డకట్టింది, మగ్గు కూడా మెత్తబడింది. తర్వాత వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెమే కలుపుకున్నాం.

అందుకే అడుగు పని సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టాం. వస్తామని పేర్లిచ్చినవాళ్లు పదకొండు మంది, వచ్చింది నలుగురు. మహిళా సభ్యులు ఇద్దరు, చీర కుచ్చిళ్లు సర్దిన చేతులు కదా, పొడి గుడ్డను నడిమి నుంచి అంచులకు ఒక్క ముడత లేకుండా సర్దారు. రెజిన్ పోసి రబ్బరు పలకతో లాగుతుంటే తెల్లటి గుడ్డ కనబడకుండా పోయి చెక్క గీతలు తేలాయి. తెల్లగా మిగిలితే రెజిన్ చాలలేదని, గుడ్డ తేలుతూ నిగనిగలాడితే ఎక్కువైందని గుర్తు. చూడ్డానికొచ్చిన ఒక పాప “నాయనా, గుడ్డ యాడికి పాయె?” అనింది. ఆ మాటకు నా ఏడాది టెన్షన్ పోయింది. నేత గళ్లు నిండటానికి ఇంకో రెండు పూతలు, కింది పూత జిగటగా ఉండగానే వేయాలి కాబట్టి, ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పుడు ఉగ్గాని తెచ్చిపెట్టిన ఇంటివాళ్లకు, షెడ్డు ఇచ్చిన దాతకు, కరెంటు బిల్లు కట్టిన ఉపాధ్యక్షులకు, తూకం యంత్రం అరువిచ్చిన కిరాణా అంగడి అన్నకు, మేస్త్రీ అన్నకు మరీ మరీ కృతజ్ఞతలు.

పడవ ఇంకా నీళ్లలో దిగలేదు. అనుమతి కోసం ఒక కార్యాలయానికి ఐదుసార్లు తిరిగాను. ఐదోసారి మొదటి దరఖాస్తు కాపీనే మళ్లీ ఇమ్మన్నారు.

లెక్కలు కోశాధికారి నోటీసు బోర్డులో పెట్టారు, చూసుకోండి. చందా బాకీలు మీకే తెలుసు.

ఎపాక్సీకి ఎండ పడదు, దానిమీద యూవీ వార్నిష్ వేయాలి. డబ్బా కొని నెలైంది. పడవ టార్పాలిన్ కింద ఉంది, షెడ్డు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లు సమావేశం అయ్యాక నా చేతికివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి