ఈ నెల సీసాలు లేవు

ఈ నెల మా టమాటా సాస్ సీసాలు రావు. సరుకు దొరక్క కాదు, రవాణా ఆలస్యమై కాదు. పోయిన విడత మేమే చెడగొట్టాం. అందుకే ఆగాం.

ఆ విడత సీసా తెరిచిన చాలామంది ఒకటే రాశారు: ఎర్రగా ఉండాల్సిన సాస్ నారింజ రంగులో ఉందని, తిన్న తర్వాత నాలుక చివర చేదు తగులుతోందని. ఒకరైతే ఇందులో మీగడ కలిపారా అని అడిగారు. కలపలేదు. మేము ముందు టమాటాలనే అనుమానించాం. వాటిని పంపేవారికి ఫోన్ చేసి కాస్త గొంతు పెంచాను కూడా. ఆయన ఓపికగా అంతా విని, "మీ దగ్గర కొత్తగా ఏమైనా మార్చారా అమ్మా?" అని అడిగారు. అప్పుడు గానీ మా వదినా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మార్చాం. అంతకుముందు చేత్తో తిప్పే జల్లెడ యంత్రంలో టమాటాలు వేసేవాళ్లం. తొక్కలు, గింజలు పైన మిగిలి, గుజ్జు కిందికి దిగేది. ఆర్డర్లు పెరిగి చేతులు నొప్పెడుతుంటే పెద్ద మిక్సీ ఒకటి కొన్నాం. ఉడికిన సాస్‌ను నూనెతో సహా అందులో తిప్పేశాం. మిక్సీ వేగానికి సన్నని గాలి బుడగలు, నూనె తుంపరలు గుజ్జులో కలిసిపోయి ఎరుపు వెలిసిపోతుంది. గింజలు నలిగితే చేదు దిగుతుంది. రెండూ జరిగాయి. టమాటాల తప్పు ఏమీ లేదు. ఆయనకు మళ్లీ ఫోన్ చేశాను, ఈసారి గొంతు తగ్గించి.

ఆ సీసాలు తినడానికి సురక్షితమే. ప్రతి విడతలోనూ పులుపు కొలుస్తాం, పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 కంటే తక్కువ ఉంటేనే మూత బిగిస్తాం. ఇదీ అలాగే బిగించినదే. కానీ మీరు డబ్బు పెట్టింది ఈ రుచికి కాదు. సగం వాడేసినా సరే, అడిగినవారికి డబ్బు తిరిగి ఇస్తాం.

ఇక అసలు సంగతి. వారాంతంలో ఇంటిల్లిపాదికీ పాస్తా చేద్దామనుకున్నాం, ఇప్పుడెలా అని కొందరు అడిగారు. సాస్ అమ్ముకునే మనిషి చెప్పకూడని మాటే, అయినా చెబుతాను: ఈ సాస్‌కు మా సీసా అక్కర్లేదు. నీళ్లు మరిగి పాస్తా ఉడికేలోపు అయిపోతుంది.

నలుగురికి 400 గ్రాముల పాస్తా. ఇటలీ ఇళ్లలో 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు అని లెక్క. అంటే నాలుగు లీటర్లు, 40 గ్రాములు. ఉప్పు చూస్తే గుండె ఝల్లుమంటుంది కానీ చాలావరకు నీళ్లతోనే పోతుంది. ఆ నీళ్లు పొయ్యి మీదికి ఎక్కించి, పక్క పొయ్యి మీద సాస్ మొదలుపెట్టండి.

వెడల్పాటి మూకుడు తీసుకోండి. లోతు గిన్నెలో నీరు ఇగరడానికి గంట పడుతుంది, వెడల్పు మూకుడులో పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. నాలుగు చెంచాల ఆలివ్ నూనె, అరచేత్తో అదిమి చితక్కొట్టిన మూడు వెల్లుల్లి రెబ్బలు చల్లగా ఉన్నప్పుడే వేసి, అప్పుడు సన్నని సెగ పెట్టండి. ఇక్కడ ఫోన్ చూడకండి. ముందు రెబ్బల చుట్టూ చిన్న బుడగలు కడతాయి, తర్వాత వాసన వస్తుంది, తర్వాత అంచులు గడ్డి రంగుకు తిరుగుతాయి. అదే సమయం. గోధుమ రంగు దాటి మాడిందా, ఆ చేదును ఎంత చక్కెర వేసినా కప్పలేరు. నూనెతో సహా పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే. నేను ఇప్పటికీ నెలకోసారి పారబోస్తాను.

టమాటాలు 800 గ్రాములు. డబ్బావి అయితే ముక్కలు కాకుండా పూర్తి కాయలు ఉన్నవి కొనండి. ముక్కలు చెదరకుండా చాలా కంపెనీలు కాల్షియం క్లోరైడ్ కలుపుతాయి, అవి ఎంత ఉడికించినా కరగవు. కాయల్ని చేత్తో నలిపి వేస్తే చాలు. తాజావైతే బాగా పండినవి సగానికి కోసి తురుముకోండి, తొక్క చేతిలో మిగిలిపోతుంది. సాన్ మార్జానో అనే ఇటలీ టమాటా ఉంటేనే రుచి అనే మాట నమ్మకండి. అక్కడి వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గరి సార్నో లోయలో పండే మంచి రకమే, ఆ పేరుకు 1996 నుంచి ఐరోపా చట్ట రక్షణ కూడా ఉంది. కానీ మా సీసాలో అది ఎప్పుడూ లేదు, మీరెవరూ అడగలేదు కూడా.

మధ్యస్థంగా సెగ పెంచి ఉడకనివ్వండి. గరిటెతో గీత గీస్తే అది వెంటనే మూసుకుపోకుండా, అంచుల్లో నూనె తేలితే అయిపోయినట్టే. ఉప్పు అప్పుడు చూడండి. మరీ పుల్లగా ఉంటే చెంచాడు వెన్న.

ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే పాస్తాను తీసి మూకుడులో వేయండి. వార్చే ముందు ఒక కప్పు గంజి పక్కన ఉంచుకోవడం మరవకండి. ఆ గంజి కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే నూనె, గుజ్జు విడిపోకుండా పాస్తాను పట్టుకుంటాయి. పొయ్యి ఆపాక బాసిల్ (తులసి జాతి మొక్క) ఆకులు చేత్తో తుంచి వేయండి.

మిగిలితే ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు. దాన్ని మా ఖాళీ సీసాలో పోసి మూత బిగించి అల్మారాలో మాత్రం పెట్టకండి. మూత గట్టిగా ఉన్నంత మాత్రాన నిల్వ సరుకు కాదు. పులుపు చాలకపోతే, గాలి తగలని చోట వెల్లుల్లి, నూనె ఉన్న సాస్‌లో ప్రాణాంతకమైన బొట్యులిజం విషం తయారు కావచ్చు. రంగు, వాసన మారకపోవచ్చు కూడా.

మిక్సీ అమ్మకానికి పెట్టాం. వచ్చే నెల నుంచి పాత జల్లెడ యంత్రమే, కాబట్టి ఇదివరకటి కంటే సగం సీసాలే వస్తాయి. ముందుగా డబ్బు కట్టినవారికి మొదట పంపుతాం. అంతవరకు ఆగలేమంటే ఆర్డర్ సంఖ్య రాసి పంపండి, డబ్బు వెనక్కి వేస్తాం, కారణం అడగం.