నీటికుక్క కడుపులో ఏముందో ఎవరు చూస్తారు?

సంపాదకులకు,

ఐరోపాలో నేలలో బొరియలు తవ్వుకుని బతికే బ్యాడ్జర్ అనే జంతువు పేగుల్లో ఉండే పురుగుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నేల మారితే తిండి మారుతుంది, తిండి మారితే కడుపులో పురుగులూ మారతాయన్న మాట నాకు బాగా నచ్చింది. వానపాములు, నత్తలు తిని బతికే ఆ జంతువు గురించి ఐరోపాలో అంత శ్రద్ధ పెడుతున్నారు. మరి మన గోదావరి డెల్టాలో తిరిగే నీటికుక్కలు (ఆటర్లు), నక్కలు, బావురు పిల్లుల సంగతేమిటి?

మా కాట్రేనికోన వైపు పంట కాలువ, చేపల చెరువు, మడ అడవి పక్కపక్కనే ఉంటాయి. చెరువులో చేప తిన్న నీటికుక్క కాలువ గట్టున మలం వేస్తుంది. అదే గట్టున గేదె గడ్డి మేస్తుంది, అదే నీళ్లలో మనవాళ్లు కాళ్లు కడుక్కుంటారు. గుర్రపుడెక్క ఆకు ఒకటి తిరగేసి చూడండి. అడుగున నత్తలు, వాటి గుడ్ల జిగురు కనిపిస్తాయి. పశువులకు జలగ వ్యాధి, అంటే కార్జంలో చేరే చదునైన పురుగుల జబ్బు, వచ్చేది ఈ నత్తల వల్లే. నత్తలోంచి బయటపడ్డ పిల్ల జలగలు నీటి ఒడ్డు గడ్డిని అంటుకుని ఉంటాయి. ఆ గడ్డి మేసిన గేదె కార్జంలోకి చేరతాయి. గొంతు కింద నీరు దిగి, పాలు తగ్గి, పశువు చిక్కిపోయే దాకా రైతుకు తెలియదు. ముక్కులో కండ పెరిగి పశువు గురక పెట్టే జబ్బుకూ నత్తలే మూలం. అందులో పిల్ల పురుగు నీళ్లలో నిలబడ్డ పశువు చర్మంలోంచే లోపలికి పోతుంది.

ఆసుపత్రికి వెళితే పేడ పరీక్ష లేకుండానే ఏదో ఒక నట్టల మందు చేతిలో పెడతారు. గుండ్రటి పురుగులకు వాడే ఫెన్‌బెండజోల్ జలగలకు పనిచేయదని రైతుకు చెప్పేవాళ్లేరీ? పిల్లలకు ఏటా ఫిబ్రవరి 10న నులిపురుగులు పోవడానికి ఆల్బెండజోల్ మాత్ర వేస్తున్నారు, సంతోషం. కానీ ఆ పిల్లలు ఆడుకునే మట్టిలోకి పురుగుల గుడ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడరా?

కొన్ని చేపల చెరువుల్లో నిషేధమని తెలిసీ కోడి వ్యర్థాలు వేస్తున్నారు. రాత్రి లారీ దిగగానే కుక్కలూ నక్కలూ అక్కడ చేరతాయి. కబేళా వ్యర్థాలను ఊరి బయట పారేయడం ఇంకా ప్రమాదం. గొర్రె కార్జంలోని నీటి తిత్తులు తిన్న కుక్క పేగుల్లో సన్నటి బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మనిషి నోట్లోకి చేరితే మన కార్జంలోనే తిత్తులు కడతాయి. ఆ పురుగు నక్కల్లోనూ బతుకుతుంది. కుక్కల కొంకి పురుగు పిల్లలు చెప్పుల్లేని పాదాల చర్మంలోకి దూరతాయి. నాట్లు వేసే ఆడవాళ్లు దురదతో గోక్కుంటుంటే ఒండ్రుమట్టి పడలేదంటారు తప్ప పరీక్ష చేయరు.

బావురు పిల్లి చేపలు తినే జంతువు. పచ్చి చేపలోని పిల్ల పురుగుల వల్ల పిల్లి జాతికి, కుక్కలకు కడుపులో గడ్డలు కట్టే పురుగొకటి ఉంది. 1836లో లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక పులి కడుపు గోడలో దాన్ని మొదట గుర్తించారు. సరిగా ఉడకని కొర్రమీను తింటే అది మనుషులకూ సోకుతుంది. అప్పట్లోనే చచ్చిన పులి కడుపు కోసి చూశారే! మా ఊరి చెరువు గట్టున నీటికుక్క చచ్చిపడి ఉందని ఫోన్ చేస్తే అటవీ సిబ్బంది వచ్చి గొయ్యి తీసి పూడ్చి వెళ్లారు. కోసి చూడరా అని అడిగితే, పశువైద్యుడు తమ శాఖ మనిషి కాదన్నారు. జిల్లాలు విడిపోయాక ఏ ఆఫీసు ఎవరి కిందో జనానికి తెలియడం లేదు. ఉన్న ఆఫీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. పశువు ఒక శాఖది, అడవి జంతువు ఇంకొకరిది, చెరువు మత్స్యశాఖది, కాలువ ఇరిగేషన్‌ది. పురుగు మాత్రం ఎవరిదీ కాదు.

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవిలో కెమెరాలు పెట్టి బావురు పిల్లులను లెక్కపెడుతున్నారు. వాటి మలం కూడా సేకరించి పరీక్షకు పంపించండి. ఇప్పటికే పంపి ఉంటే ఫలితాలు ఊళ్లకు తెలుగులో చెప్పండి. చనిపోయిన ప్రతి నీటికుక్క, నక్క, బావురు పిల్లికి పోస్టుమార్టంలో పేగులు, కార్జం, ఊపిరితిత్తులు కూడా చూడాలని అటవీ, పశుసంవర్ధక శాఖలు కలిసి ఉత్తర్వు ఇవ్వాలి. కాలువల దగ్గర, చెరువుల దగ్గర, మడ అడవిలో దొరికిన జంతువుల వివరాలు వేర్వేరుగా రాయాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గుర్రపుడెక్క తీసి, పశువులు దిగే రేవుల దగ్గర నత్తలు ఏ రకమో చూడాలి. ఈ ఏడాది కాలువలు కట్టేయక ముందే ఈ పని మొదలుపెట్టమని మీ పత్రిక ద్వారా కలెక్టర్లను అడుగుతున్నాను.

— ఒక పాడి రైతు,
కాట్రేనికోన మండలం, కోనసీమ