పొలం బేరం పెట్టే ముందు, బాపూ

దుబాయ్

బాపుకు, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను, మీ కోడలు, పిల్లలు క్షేమం. మీ ఆరోగ్యాలు బాగున్నాయని తలుస్తాను. అమ్మ షుగర్ మాత్రలు టైముకు వేసుకుంటుందో లేదో తప్పకుండా రాయి.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అక్క కొడుకు పైలట్ అవుతానని పట్టుబట్టాడని, బావ రోడ్డు పక్క రెండెకరాలు బేరం పెట్టాలని చూస్తున్నాడని, అమ్మొచ్చా అని అడిగావు. ఫోన్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నా. చిన్నోడిని కూడా కూర్చోబెట్టి చదివి వినిపించు.

అసలు పొలమే అమ్మొద్దని నేననను. ఇప్పుడే వద్దు. ఈ పని ఎట్లా ఉంటుందో వాడికి ముందు తెలియాలి. వాడికి కనిపించేది నా పైలట్ యూనిఫాం, భుజాల మీది నాలుగు కెప్టెన్ చారలు.

"ఇప్పుడు విమానాన్ని కంప్యూటరే నడుపుతుంది కదా తాతా" అన్నాడట. పైకి వెళ్ళాక చాలాసేపు ఆటోపైలట్టే నడుపుతుంది, నిజమే. టేకాఫ్ మాత్రం మా చేతులతోనే చేస్తాం. నేను నడిపే బోయింగ్ 777 ఇంధనం, మనుషులు, సరుకు అంతా నిండితే 351 టన్నుల దాకా తూగుతుంది. రన్‌వే మీద పరుగు మొదలవగానే కెప్టెన్ చెయ్యి థ్రస్ట్ లివర్ల మీద ఉంటుంది. ఏదైనా తేడా కనిపిస్తే ఇంజిన్ల జోరు తగ్గించి ఆపేయాలి కదా, అందుకు. ఆ రోజు బరువెంత, గాలి ఎటు, ఎండ ఎంత, రన్‌వే ఎంత పొడవు, ఇవన్నీ లెక్కగట్టి ఒక వేగం ముందే ఖాయం చేసుకుంటాం. దాన్ని వీ-వన్ అంటారు. పక్కన ఉన్నవాళ్ళు ఆ మాట అనగానే చెయ్యి తీసేస్తాను. ఇక అక్కడి నుంచి ఒక ఇంజిన్ ఆగిపోయినా గాల్లోకి లేవాల్సిందే, ఆపుదామంటే రన్‌వే చాలదు. కెప్టెన్ అయిన కొత్తలో ఆ చెయ్యి తీసే క్షణం నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు టెన్షన్ లేదు కానీ, ఆ క్షణానికి విలువ తగ్గలేదు. ఏం జరిగితే ఏం చేయాలో కదలకముందే ఇద్దరం మాట్లాడుకుని ఉంటాం. జీతం ఇచ్చేది దానికే అని నా నమ్మకం.

అమెరికా ఫ్లైట్లు 14 నుంచి 16 గంటలు. నలుగురు పైలట్లం వెళ్తాం, ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు విమానంలోనే ఉండే పడకల్లో పడుకుంటారు. చలికాలంలో ఉత్తర ధ్రువం వైపు నుంచి తిరిగొస్తుంటే బయట మైనస్ 65 డిగ్రీలు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. అమెరికాలో నింపే ఇంధనం మైనస్ 40 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అది ఉండేదేమో రెక్కల్లో, ఆ చలిగాలి నేరుగా తగిలే చోట. స్క్రీన్ మీద ఇంధనం ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ దిగుతూ ఉంటుంది. మైనస్ 37 దాకా రానివ్వకూడదు. వేగం కొంచెం పెంచితే గాలి రాపిడికి ఇంధనం కాస్త వెచ్చబడుతుంది, లేదా కిందికి దిగి వెచ్చటి గాలి వెతుక్కోవాలి. రెండింటికీ ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, అప్పుడు దుబాయ్ చేరేసరికి ఎంత మిగులుతుందో మళ్ళీ లెక్క. వెనక మూడు వందల మందికి పైగా నిద్రపోతుంటారు. ఆ గంటలంటే నాకు ప్రాణం బాపూ. నిజంగా విమానం నడుపుతున్నానని నాకు అనిపించేది అప్పుడే.

హైదరాబాద్ ఫ్లైట్ రోస్టర్‌లో పడితే మరో సంతోషం. నాలుగు గంటలు కూడా పట్టదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్ళు రెండేళ్ళకో మూడేళ్ళకో ఇంటికి పోతుంటారు. అనౌన్స్‌మెంట్ తెలుగులో కూడా చెప్తాను. దిగేటప్పుడు కొందరు కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగి "సార్, మీదే ఊరు?" అని అడుగుతారు. చెప్తే చెయ్యి పట్టుకుని వదలరు.

అవే ఫ్లైట్లలో ఇంకొకటి కూడా ఉంటుంది. బయలుదేరే ముందు, కింద సరుకులో జాగ్రత్తగా చూసుకోవాల్సినవి ఏమున్నాయో రాసిన కాగితం నా సంతకానికి వస్తుంది. బ్యాటరీలు, రసాయనాలు, ప్రాణమున్న జంతువులు, ఇట్లాంటివి. కొన్నిసార్లు అందులో శవపేటిక ఉంటుంది. పేరు ఉండదు. ఎంత బరువు, ఎక్కడ పెట్టారు, అంతే. పైన సీట్లో ఇంటికి పోతున్నవాళ్ళతో కలిసి ఇక్కడికి పనికి వచ్చిన మనవాడే అయ్యుంటాడు. సంతకం పెట్టి, మైకు తీసుకుని, అందరికీ నమస్కారం అని మొదలుపెట్టాలి. గొంతులో ఏమీ తెలియనివ్వకూడదు. 10,000 అడుగుల కింద పనికి సంబంధం లేని మాట ఒక్కటి మాట్లాడకూడదన్నది మాకు రూలు. మనసుకు కూడా ఆ రూలే పెట్టుకున్నాను. శంషాబాద్‌లో దిగి ఇంజిన్లు ఆపాకే వాళ్ళింటి సంగతి ఆలోచిస్తాను. చిన్నోడికి ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రేపు ఆ సీట్లో కూర్చుంటే వాడికీ ఇది తప్పదు.

నిద్ర గురించి నీకు చెప్పక్కర్లేదు. బస్సు నైట్ అవుట్ డ్యూటీ చేసి వచ్చి నువ్వు పడుకుంటే, మమ్మల్ని చప్పుడు చేయనీయకుండా అమ్మ వాకిట్లోకి తరిమేది. ఇప్పుడు నీ కోడలు నా పిల్లలను అట్లాగే తరుముతోంది.

ఇక డబ్బు సంగతి. ట్రైనింగ్‌కు 50 లక్షలు తేలిగ్గా దాటుతుంది, ఆ తర్వాత ఫలానా విమానం నడపడానికి టైప్ రేటింగ్ ఖర్చు వేరే. లైసెన్స్ చేతికొచ్చినా ఉద్యోగం కోసం ఏళ్ళు కూర్చున్నవాళ్ళు నాతో చదివినవాళ్ళలోనే ఉన్నారు, వాళ్ళ ఇళ్ళలో అప్పుల బాధ నేను కళ్ళారా చూశాను. ఉద్యోగం వచ్చాక కూడా ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష, ఏటా మెడికల్. ఏది పోయినా సీటు పోయినట్టే.

అందుకని వాడు ఒక్క రూపాయి ఎక్కడా కట్టకముందే డీజీసీఏ, అంటే మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ వెంటనే క్లాస్ 1 చేయించుకోవాలి. కళ్ళు, చెవులు, గుండె, రంగులు గుర్తుపట్టడం, అన్నీ చూస్తారు. ఎంపీసీ చదివాడు కాబట్టి చదువుకు అడ్డంకి లేదు. ఆ తర్వాత రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది, దాని ఎంట్రన్స్ రాయమను. ఊళ్ళో ఎవరో చెప్పిన కన్సల్టెన్సీకి అడ్వాన్స్ మాత్రం ఇవ్వొద్దు.

మెడికల్ అయ్యేదాకా బేరం ఆపమని బావకు నా మాటగా చెప్పు. రెండూ పాసై సీటు వస్తే ఒక ఎకరం చాలు, మిగతాది నేను చూసుకుంటాను. ఈ సంగతి అక్కకు నువ్వే చెప్పు, నేను చెప్తే మొహమాటపడి వద్దంటుంది.

ఇట్లు
నీ కొడుకు