గరుకు గొంతు, కదిలిన శ్రుతి: గత నెల రికార్డు గురించి సభ్యులకు

మా దుకాణం నడుపుతున్న ‘నెలకొక రికార్డు’ పథకంలోని 52 మంది సభ్యులకు నమస్కారం.

గత నెల మీకు పంపినది న్యూయార్క్‌కు చెందిన ది స్ట్రోక్స్ అనే రాక్ బృందం తొలి ఆల్బమ్ ‘ఇజ్ దిస్ ఇట్’. దాని గురించి మీలో 31 మంది ఉత్తరం రాసో, ఫోన్ చేసో, దుకాణానికి స్వయంగా వచ్చో మీ అభిప్రాయం చెప్పారు. ఆరేళ్లుగా ఈ పథకం నడుస్తున్నా ఏ రికార్డుకూ ఇంతమంది స్పందించలేదు. స్పందించినవారు ఇలా రెండుగా చీలిపోవడమూ ఇదే మొదటిసారి. కొందరికి నచ్చదని తెలిసే పంపాను. అయితే వచ్చిన ఫిర్యాదులన్నీ అభిరుచికి సంబంధించినవి కావని, కొన్ని రికార్డుల తయారీలోనే లోపం ఉందని, ఆ సంగతి మీరు చెప్పినా నేను పెడచెవిన పెట్టానని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఏం జరిగిందో దాచకుండా చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ ఆల్బమ్‌ను ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి, ఎందుకంటే నా పొరపాటుకు మూలం అక్కడే ఉంది. 2001లో ఈ ఐదుగురు కుర్రవాళ్లు ఈ పాటలను మొదట పిక్సీస్ వంటి బృందాలతో పనిచేసిన గిల్ నార్టన్ అనే నిర్మాతతో రికార్డు చేయబోయి, ధ్వని మరీ నునుపుగా వస్తోందని ఆ ప్రయత్నాన్ని పక్కన పెట్టేశారు. ఆ తర్వాత మన్‌హట్టన్‌లోని ఒక నేలమాళిగ స్టూడియోలో గోర్డన్ రఫాయెల్‌తో కూర్చుని మళ్లీ మొదలుపెట్టారు. గాయకుడు జూలియన్ కాసాబ్లాంకస్ తన గొంతును పీవీ అనే కంపెనీ చేసిన చిన్న ప్రాక్టీసు ఆంప్లిఫయర్ గుండా పంపించి పాడాడు. అందుకే ఆ గొంతు పాత టెలిఫోన్‌లోంచి వస్తున్నట్టు, అంచులు చిరిగినట్టు వినిపిస్తుంది. 11 పాటలు, మొత్తం 36 నిమిషాలు. ఎక్కడా సాగదీత లేదు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నిండుగా మోగే తొలి ఆల్బమ్ నేను మరొకటి వినలేదు. సభ్యులందరికీ ఇది చేరాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను.

ఇక మీరు చెప్పినవి. నచ్చినవారు 12 మంది. వారిలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి, మొదటి పాటలో నికొలాయ్ ఫ్రైచర్ బేస్ గిటార్ నడకను వినడానికే ఆ పాటను రోజూ రాత్రి పెట్టుకుంటున్నానని, అంతవరకు బేస్ అనేది వెనక ఎక్కడో ఉండే చప్పుడని మాత్రమే అనుకున్నానని రాసింది. ఆ ఉత్తరాన్ని కౌంటర్ దగ్గర గోడకు అంటించుకున్నాను.

నచ్చనివారు 19 మంది, వారి కారణాలు రకరకాలు. కొందరికి అట్ట మీది బొమ్మ ఇబ్బందిగా తోచింది. తొడుగు వేసుకున్న చెయ్యి ఒక స్త్రీ నడుము కింద ఆనుకొని ఉన్న ఆ ఛాయాచిత్రం అత్తమామలు, పిల్లలు ఉన్న ఇంట్లో నడిగదిలో విప్పిన పార్సెల్‌లోంచి బయటపడిందని ఒక సభ్యురాలు ఫోన్ చేసి చెప్పారు. ఆమె కోపం న్యాయమైనదే. అమెరికాలో సీడీ వేసినప్పుడు ఆ బొమ్మ తీసేసి, సూక్ష్మ కణాలు బబుల్ చాంబర్ అనే శాస్త్ర పరికరంలో గీసిన గీతల ఫోటో పెట్టారు. ఆ సంగతి తెలిసి కూడా ముందుగా ఒక మాట చెప్పకుండా పంపడం నా అజాగ్రత్త. మరొకరు, ఇంగ్లండ్‌లో రఫ్ ట్రేడ్ అనే చిన్న స్వతంత్ర సంస్థ వేసినా అమెరికాలో ఆర్‌సీఏ వంటి పెద్ద కంపెనీ వేసిన దాన్ని ఇండీ, అంటే పెద్ద కంపెనీల అండ లేని సంగీతం, అని ఎలా పిలుస్తారని నిలదీశారు. ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు. ఇంకొందరు ఇదంతా వెల్వెట్ అండర్‌గ్రౌండ్, టెలివిజన్ అనే పాత న్యూయార్క్ బృందాలు ఎప్పుడో చేసిందేనని, డబ్బున్న ఇళ్ల పిల్లలు పేదరికపు ధ్వనిని అరువు తెచ్చుకున్నారని రాశారు. ఈ విమర్శ ఆల్బమ్ విడుదలైన నాటి నుంచీ ఉంది. కాసాబ్లాంకస్ తండ్రి ఎలీట్ మోడలింగ్ సంస్థ స్థాపకుడు, గిటారిస్టు ఆల్బర్ట్ హామండ్ జూనియర్ తండ్రి పేరున్న గాయకుడు, గీత రచయిత. ఇవి నిజాలే. అయినా పాట వినేటప్పుడు నాకు ఆ తండ్రులు గుర్తుకు రారు.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు గొంతు గురించి. గొంతు బాగాలేదు, పగిలింది, ఊగుతోంది, స్పీకర్ పాడైందనుకున్నాం అని 11 మంది చెప్పారు. వారందరికీ నేను ఒకే తరహా జవాబు రాశాను. అది ఉద్దేశపూర్వకంగా చేసిన ధ్వని అని, పీవీ ఆంప్లిఫయర్ కథ అంతా వివరించి, ఈ ఆల్బమ్ బ్రిటన్ ఆల్బమ్ అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి చేరిందని, అమెరికాలో 33 దగ్గరే ఆగినా 2009లో ఎన్‌ఎంఈ అనే బ్రిటిష్ సంగీత పత్రిక దీన్ని ఆ దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచిందని, కాబట్టి మరో రెండుసార్లు ఓపికగా వినమని చెప్పాను. నాకు ప్రియమైనదాన్ని తక్కువ చేశారన్న ఉక్రోషంతో రాసిన జవాబు అది. మీరు చెప్పిన మాటలను ఒక్కొక్కటిగా చదివి ఉంటే, ‘పగిలింది’ అన్నవారు వేరు, ‘ఊగుతోంది’ అన్నవారు వేరు అని నాకు అప్పుడే తెలిసేది. ఊగుతోందన్నవారు ఆరుగురు.

ఆ ఆరుగురిలో పద్మారావునగర్ నుంచి వచ్చే మాస్టారు ఒకరు. లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్న ఆయన ఈ పథకంలో మొదటి నెల నుంచీ ఉన్నారు. ఇంట్లో ఎక్కువగా వినేది కర్ణాటక సంగీతమే అయినా నేను పంపే ప్రతి రికార్డునూ కనీసం రెండుసార్లు వింటారు. నా జవాబు అందిన మూడో రోజు ఉదయం, దుకాణం తెరవగానే, గుడ్డసంచిలో రికార్డు పెట్టుకుని వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. రెండో వైపు పెట్టమని, ‘ట్రయింగ్ యువర్ లక్’ అనే పదో పాట దగ్గర సూది దించమని అడిగారు. నేను మళ్లీ గొంతు గురించి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, “గరుకు గొంతుతో నాకు పేచీ లేదు నాయనా, శ్రుతి కదులుతోంది. చెవి కాదు, కన్ను పెట్టి చూడు,” అన్నారు.

వంగి చూశాను. రికార్డు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా సూదిని మోసే చెయ్యి కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి, చంటిబిడ్డ ఉయ్యాలలా మెల్లగా ఊగుతోంది. ఆ ఊగుడుకు సరిగ్గా జతగా గిటార్ స్వరం కాస్త పైకి వెళ్లి, కాస్త కిందికి దిగుతోంది. నిమిషానికి 33 చుట్ల చిల్లర తిరిగే రికార్డు కనుక ఒక్కో ఊగుడికి రెండు సెకన్ల లోపే పడుతుంది. ఆయన అప్పటికే గోడ గడియారం చూస్తూ అంకెలు వేస్తున్నారు.

రికార్డు నడిమి రంధ్రం గాడుల కేంద్రానికి సరిగ్గా పడకపోతే ఇలా జరుగుతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా చాలు, ఒకవైపు గాడి సూది కింద కాస్త వేగంగా, మరోవైపు కాస్త నెమ్మదిగా నడుస్తుంది. అంచు దగ్గర ఇది పెద్దగా తెలియదు. లోపలికి వెళ్లేకొద్దీ గాడుల చుట్టు చిన్నదవుతుంది కనుక అదే తేడా పెద్దదిగా వినిపిస్తుంది. అందుకే ఆరుగురూ చివరి పాటల గురించే రాశారు. వేగంగా మీటే గిటార్ల మధ్య ఈ లోపం దాక్కుంటుంది, నిలిచిన స్వరం దగ్గర బయటపడుతుంది. తంబూరా వింటూ పెరిగిన చెవికి అది దొరికింది. ముప్ఫై ఏళ్లుగా రికార్డులు వింటున్నానని చెప్పుకునే నా చెవికి దొరకలేదు, ఎందుకంటే ఆ గొంతు ఎలా ఉన్నా సమర్థించాలని నేను ముందే నిశ్చయించుకున్నాను. పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు మాట్లాడానని ఆయన ముందు ఒప్పుకున్నాను, మీ ముందూ ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు సాయంత్రం నుంచి సభ్యులందరికీ ఫోన్లు చేశాను. ఇప్పటివరకు 43 రికార్డులను పరీక్షించగా 17 ఇలాంటివే తేలాయి. వాటిలో నాలుగు, ఆల్బమ్ బాగా నచ్చిందని రాసినవారి దగ్గర ఉన్నవి.

సరఫరాదారు గురించి ఎక్కువ రాయకూడదని అనుకున్నాను, కాని రాయకుండా ఉండలేకపోతున్నాను. ముంబయిలోని ఆ వ్యాపారి దగ్గర మొదటి నెల నుంచీ సరుకు తెప్పిస్తున్నాను. ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యం చేయలేదు. లాక్‌డౌన్ రోజుల్లో ఆయన గోదాములో సరుకు ఇరుక్కుపోయినప్పుడు నేను ముందుగానే సొమ్ము పంపి, సరుకు కోసం రెండు నెలలు ఎదురుచూశాను. ఈసారి ఒక్కో రికార్డుకు ఒక్కో వీడియో తీసి పంపమన్నారు, పంపాను. సూది చెయ్యి ఊగడం అందరికీ కనిపించేలా పక్కన స్కేలు నిలబెట్టి మరీ తీశాను. తొమ్మిది రోజుల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ మాత్రం తేడా తయారీలో సహజమని ఒకటి, సరుకు అందిన ఏడు రోజుల్లో చెప్పలేదు కనుక మార్చడం కుదరదని మరొకటి. సీలు విప్పని రికార్డులను సీలు విప్పకుండానే మీకు చేర్చడం నా పద్ధతి అని, కాబట్టి లోపం మీ ఇళ్లలోనే బయటపడుతుందని ఆయనకు ఆరేళ్లుగా తెలుసు. ఫోన్ చేస్తే ఆయన గుమాస్తా మాట్లాడాడు, ఆయన లైన్లోకి రాలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆయన స్వయంగా మాట్లాడనందుకు బాధపడ్డాను. ఆ ఖాతా మూసేశాను. తిరిగి తెరవను.

దీనికంటే నన్ను ఎక్కువగా వేధించింది మరొకటి. లోపమున్న 17 రికార్డులను వెనక్కి తీసుకోవడంలో ఆలోచించాల్సింది ఏమీ లేదు. కాని రికార్డు బాగానే ఉండి, పాటలు నచ్చక తిరిగి ఇస్తామన్నవారు ఎనిమిది మంది ఉన్నారు. నచ్చకపోతే వాపసు లేదన్నది పథకంలో మొదటి నుంచీ ఉన్న నియమం; తెలియని సంగీతాన్ని ఇంటికి తెచ్చుకోవడమే దీని ఉద్దేశం కనుక ఆ నియమం లేకపోతే పథకమే నిలవదు. నియమం ప్రకారం ఆ ఎనిమిది మందికి లేదని చెప్పవచ్చు. అలా చెప్పే ఉత్తరం రాసి కూడా పెట్టుకున్నాను. ఐదు రాత్రులు దాన్ని పంపలేకపోయాను. లెక్కలు చూసే నా భార్య నేను అంతకుముందు మీకు పంపిన జవాబులను తీసి, గట్టిగా చదవమంది. మూడో ఉత్తరం దగ్గర గొంతు పెగల్లేదు. గొంతు ఊగుతోందని ఒక సభ్యుడు చెబితే, వినడం నేర్చుకోండన్నట్టుగా నేను రాశాను. నచ్చలేదని చెప్పినవారిలో ఎందరు నా పాఠం చదివాక, లోపం తమ చెవిలోనే ఉందనుకుని మాట మార్చుకున్నారో నాకు తెలియదు. ఎవరిది అభిరుచి, ఎవరిది ఫిర్యాదు అని విడదీసి అడిగే హక్కును ఈ నెలకు నేనే పోగొట్టుకున్నాను.

అందువల్ల ఈ ఒక్క రికార్డును ఏ కారణం చేతనైనా, కారణం చెప్పకుండానైనా, తిరిగి ఇవ్వవచ్చు; 2,600 రూపాయలు పూర్తిగా వాపసు ఇస్తాను. లోపమున్నవారు డబ్బు బదులు మరో ప్రతి కోరితే, బెంగళూరులోని వేరే వ్యాపారి నుంచి తెప్పించిన 20 రికార్డులను ఒక్కొక్కటి విప్పి, రెండు వైపులా చివరి పాట వరకు నేనే విని సిద్ధంగా ఉంచాను. పార్సెల్ ఖర్చు నాదే. ఇకపై పంపే ప్రతి రికార్డునూ ఇలాగే విప్పి చూసి పంపుతాను. సీలుతోనే కావాలనుకునేవారు ముందుగా చెప్పండి. అట్ట బొమ్మ ఇంట్లో ఇబ్బంది కలిగించేలా ఉంటే పార్సెల్ కట్టకముందే ఫోన్ చేసి చెబుతాను.

వచ్చే నెల నుంచి పాత నియమమే వర్తిస్తుంది. రికార్డును సభ్యుల ఓటుతో ఎంపిక చేద్దామన్న సూచన ఏడుగురి నుంచి వచ్చింది. దాన్ని గౌరవంగా కాదంటున్నాను. నేను విని, నేను నమ్మినదే పంపుతాను. నచ్చకపోతే చెప్పండి, ఈసారి చివరి వాక్యం వరకు చదువుతాను. ‘ఇజ్ దిస్ ఇట్’ ఎంపికకు మాత్రం క్షమాపణ చెప్పను. మాస్టారికి కొత్త ప్రతి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. రెండో వైపు మొత్తం విన్నాక, శ్రుతి నిలిచిందని, పాటలు మాత్రం ఇప్పటికీ తనకు ఎక్కలేదని అన్నారు. రికార్డు మాత్రం ఉంచుకున్నారు.

ఇంకా పరీక్షించని తొమ్మిది మందికి ఒక మనవి. రెండో వైపు చివరి రెండు పాటలు పెట్టి, తలను సూది ఎత్తుకు వంచి, పక్క నుంచి చూడండి. సూది చెయ్యి పైకీ కిందికీ కదిలితే అది రికార్డు వంపు, కుడి ఎడమలకు ఊగితే అది రంధ్రం లోపం. అనుమానం ఉంటే మరో రికార్డు పెట్టి పోల్చుకోండి. దయచేసి రంధ్రాన్ని కత్తితోనో, ఆకురాయితోనో పెద్దది చేయకండి, అలాగే తీసుకురండి. ఈ నెలాఖరు వరకు దుకాణం ఆదివారాలు కూడా మధ్యాహ్నం రెండు వరకు తెరిచి ఉంటుంది. రాలేనివారు ఒక్క ఫోన్ చేస్తే, మనిషిని పంపించి తెప్పించుకుంటాను.